పిస్టన్ల మీద సూదిబెజ్జాలు

మే 28, గురువారం

ఈ ఇంట్లో నాకంటే కొలిమికి మర్యాద ఎక్కువ. పొద్దున్నే దాని ముందు ఊడ్చి, ముగ్గేసి, పసుపు కుంకుమ పెడతారు. నేను అన్నం తిన్నానో లేదో అడిగినవాళ్లు లేరు.

అత్త పేరు హనుమమ్మ. పోయిన మామ ఇత్తడి పోసేవాడట. గుడి గంటలు, దీపపు కుందులు, బిందెలు. "మాది కంచరోళ్ల ఇల్లు" అని ఆమె అనని పూట లేదు. ఇప్పుడు జహీరాబాదులో ఇత్తడి బిందె ఎవరు కొంటున్నారు? అందుకే మా ఆయన హైదరాబాదు పోయి, బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పని నేర్చుకుని వచ్చి, పోయిన దసరా నుంచి ఇదే పెరట్లో సిల్వర్, అదే అల్యూమినియం, కరిగించి పిస్టన్లు పోస్తున్నాడు. బావుల మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లకు. కొలిమి మాత్రం మామదే. పద్ధతులూ మామవే.

ఈ డైరీ బజారులో ఇంజన్ సామాను అమ్మే అమర్నాథ్ సేటు కొత్త సంవత్సరానికి ఆయనకిచ్చాడు. "చాకలి పద్దు రాసుకో" అని ఆయన నా ముందు పడేశాడు. చాకలి పద్దు నోటికే గుర్తుంటుంది. ఐదో తరగతి దాకా చదివిన చదువు అంతకన్నా మంచిదానికి పనికొస్తుంది.

మా అమ్మ నాకు నోరు లేదంటుంది. ఉంది. తెరవను, అంతే.

జూన్ 3, బుధవారం

నాకిచ్చిన పని ముక్కలు కొట్టడం. బొంబాయి రోడ్డు మీద లారీలు బాగుచేసే మేస్త్రీల దగ్గరనుంచి పాడైన పిస్టన్లు గోనెసంచుల్లో వస్తాయి. వాటిని దిమ్మె మీద పెట్టి సమ్మెటతో పగలగొట్టాలి. మసి, నూనె కంపు. చేతులు ఎన్నిసార్లు కడిగినా అన్నంలో అదే వాసన.

వాటిని తెచ్చిచ్చే పాత సామాను వాళ్లు మోసం చేస్తారు. కింద గిన్నెలు, గ్లాసులు కలిపేస్తారు. వాటిని ఏరడం కూడా నేనే. ఆయన నాతో మాట్లాడిన పొడుగాటి మాట ఇదొక్కటే, అందుకని రాస్తున్నాను:

"గిన్నెల సిల్వర్ మెత్తగుంటది. కొడితే వంగుతది, ఇరగది. అది కలిపి పిస్టన్ పోస్తే ఇంజన్ల వేడికి ఉబ్బి సిలిండర్ని పట్టుకుంటది. వంగినయి పక్కకు పారెయ్. పట్టున ఇరిగినయే మూసల ఎయ్యాలె."

మూస అంటే సిల్వర్ కరిగించే పెద్ద కుండ. కొలిమి గుంతలో కూర్చుంటుంది.

మంచిగా చెప్పాడు. కసరలేదు. ఆయన మంచివాడు.

జూన్ 12, శుక్రవారం

మృగశిర వానలు పడ్డాయి. ఇవాళ పోత. నేను వచ్చాక వానలో మొదటిది.

కొలిమి అంటించేముందు అత్త స్నానం చేసి, తడి చీరతో వచ్చి, చెంబులో పసుపునీళ్లు కలిపి, మామిడి మండతో ముక్కల కుప్ప మీద చల్లింది. ఒకసారి కాదు, చుట్టూ తిరిగి చెంబు అయిపోయేదాకా.

నేను ఎందుకని అడగలేదు. అయినా చెప్పింది. "కంచరోళ్ల ఇంట్ల లోహం స్నానం జెయ్యకుంట మూసల దిగది. తెలిసిందా? రాయికోడుల ఇసొంటియి ఉండయ్ మీకు. పత్తి ఏరుడొక్కటే ఎర్క."

రాయికోడ్‌లో మా పుట్టింటి వాళ్లు కూడా కంచరి వాళ్లే. అందుకే నన్ను చేసుకున్నారు. ఆమెకు తెలియక కాదు.

జూన్ 16, మంగళవారం

పోసిన పిస్టన్లను ముందు షెడ్డులో జబ్బార్ లేతు మిషను మీద తిప్పి నున్నగా చేస్తాడు. లేతు అతనిది, జాగా మాది. ఎప్పుడూ పాన్ నములుతూ ఉంటాడు. ఎదుటివాడి కష్టం చూస్తే అతనికి పాటలు గుర్తొస్తాయి.

ఇవాళ ఒక పిస్టన్ తెచ్చి గడప మీద పెట్టాడు. "అమ్మా, పైకి దుల్హన్ తీర్గ ఉన్నది. పై తోలు తియ్యంగనే సూడు. జల్లెడ."

సూది గుచ్చినట్టు సన్నటి బెజ్జాలు, నెత్తి మీదంతా. పోసినప్పుడు కనబడలేదు. ఒక పొర చెక్కగానే బయటపడ్డాయి.

అత్త అడిగింది, "ఎండకాలం ఇట్ల లేకుండె గద?"

"లేకుండె."

"మరి ఎప్పటిసంది?"

జబ్బార్ నవ్వాడు. "నాకేమెర్క అమ్మా. మీ ఇంట్ల కొత్తగ ఏమొచ్చిందో మీరే సూసుకోన్రి."

నవ్వులాటకే అన్నాడు. అత్త నవ్వలేదు. తల తిప్పి నన్ను చూసింది. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను.

జూన్ 17, బుధవారం

ఆయన ఏమీ అనలేదు.

జులై 1, బుధవారం

బయట ఉన్నాను. పెరట్లో మేకల పాక పక్కన, గోనె మీద. ఇక్కడినుంచి కొలిమి కనబడుతుంది. నిన్న పోత అయింది. నేను ఇక్కడే, ఈ గోనె మీదే కూర్చుని ఉన్నాను.

పొద్దున జబ్బార్ లేతు ఆపేసి వచ్చాడు. మళ్లీ బెజ్జాలు.

అత్త పాక దగ్గరికి రాలేదు, మైల తగులుతుందని. వాకిట్లో నిలబడి అరిచింది. వీధిలో వాళ్లకు వినబడాలని కూడా కావచ్చు. "నీడ ఏడిదాంక వడ్తది? ఎండ అటుంటె నీడ ఇటు రాదా? కొలిమికాడికి ఎందుకు మొఖం వెట్టి కూసున్నవ్?"

నిన్న ఎండ ఎక్కడిది, పొద్దంతా ముసురు. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంకా అటే కూర్చున్నాను. మేక నన్ను చూస్తోంది. దాని చూపు కూడా నాకు నచ్చడం లేదు.

జులై 8, బుధవారం

ఇప్పుడు చెంబు చాలడం లేదు. బిందె. పసుపునీళ్లలో గోమూత్రం కలిపి ముక్కల కుప్ప మీద కుమ్మరించి, తెల్లారేదాకా గోనెపట్టా కప్పి ఉంచుతోంది. నా మైల పోవాలట. నేను కొట్టిన ముక్కలు కదా. ఆ తడి గోనె ఎత్తి ముక్కలు తట్టలో మోసింది కూడా నేనే. అప్పుడు మైల లేదు.

కొలిమి మండుతుండగా, కరిగిన సిల్వర్ మీద ఇంకో నాలుగు ముక్కలు వేశాడు ఆయన. చిటపటమని ఎగిరి ముంజేతి మీద పడింది. నేను కలబంద తెచ్చి రాయబోతే అత్త నా చెయ్యి నెట్టేసి తానే రాసింది. "దీని చెయ్యి వడ్డదేదన్న బాగువడ్డదారా విరూపాక్షా?" అని ఆయన్నే అడిగింది.

ఆయన ఏమీ అనలేదు. నొప్పి కదా. పళ్లు బిగబట్టుకుని ఉన్నాడు.

జులై 10, శుక్రవారం

బెజ్జాలు. ఇదివరకటికంటే ఎక్కువ.

జులై 20, సోమవారం

అమర్నాథ్ సేటు ఇంటికే వచ్చాడు. కుర్చీ వేశారు, కూర్చోలేదు. రాయికోడ్ వైపు ఒక రైతు ఇంజన్ చెడి ఆగిపోయిందట, పిస్టన్ నెత్తి బెజ్జాల దగ్గర చీలిందట. "విరూపాక్షా, నీ మీద దోస్తీతోని ఇన్ని దినాలు ఆగిన. శ్రావణం ఎల్లెలోపల మంచి సరుకు రాలేదనుకో, నేను షోలాపూర్ మాల్ తెచ్చుకుంట. తర్వాత నా దుకాణం మెట్లెక్కకు."

సేటు పోయాక అత్త పీట మీద కూర్చుంది. ఆయన అన్నం తింటున్నాడు. నేను వడ్డిస్తున్నాను. నేనక్కడ లేనట్టే చెప్పింది.

"శ్రావణందాంక సూస్త. సరుకు బాగువడకుంటె ఇది రాయికోడ్ పోతది. బీదర్ల నా చెల్లె బిడ్డ ఉన్నది. పిల్ల ఎర్రగుంటది, పని నేరుస్తది. ఒక ఆడిదాని కోసం మీ నాయిన కొలిమి సల్లార్పుకుంటమా?"

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు.

"సల్ల పొయ్యి" అన్నాడు.

పోశాను.

జులై 21, మంగళవారం

పోతే మాత్రం ఏమిటి అనుకున్నాను. ఇక్కడ నాకేముంది? తరవాత మా అన్న భార్య మొహం గుర్తొచ్చింది. వెనక్కి పంపేసిన ఆడపిల్ల ఆ ఇంట్లో ఏ మూల కూర్చోవాలో ఆమె ఇప్పుడే చెప్పగలదు. అక్కడా ఒక మేకల పాక ఉంది.

ఆయన ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. బెజ్జాలు ఎందుకు వస్తున్నాయో ఆయనకు మాత్రం ఏం తెలుసు.

ఆగస్టు 5, బుధవారం

టీ తీసుకుని లేతు షెడ్డుకు పోయాను. మిషను ఆగి ఉంది, మాటలు వినబడుతున్నాయి. నేను రేకుల అవతల ఆగాను. ఆయన నవ్వుతున్నాడు. ఇంట్లో ఆయన నవ్వగా నేను వినలేదు, అందుకే ఆగాను.

జబ్బార్ అంటున్నాడు, "చారి భాయ్, నిజం జెప్పు. బాలానగర్ల మీ ఉస్తాద్ గిట్లనే బిందెతోని స్నానం పోస్తుండెనా?"

"పోస్తే తంతుండె. తడి తుక్డా కనవడితే పని బందే. సిల్వర్‌కు తడంటె పడది. కరిగినప్పుడు ఆ నీళ్లల్ల ఉన్న గాలిని తాగుతది, గట్టివడేటప్పుడు కక్కుతది. గవే బొక్కలు. ఇత్తడికి ఇంత పట్టింపు లేకుండె, నాయినకు నడిసింది."

"మరి ఎండకాలం?"

"ఎండకాలం సల్లిన నీళ్లు సల్లినకాడనే ఆరిపాయె. ఇప్పుడు ఏడ ఆరుతది?"

"అమ్మకు జెప్పరాదు?"

"నాయిన పద్ధతి తప్పంటె ఆమె బతుకుతదా? అన్నం మానేసి మూలకు కూసుంటది. నాతోని కాదు."

"అందుకని భాభీని ముందట నిలవెట్టినవ్. మంచి తర్కీబ్."

"వానలు పోతే బొక్కలు పోతయ్. అందాంక పడనీ. ఆమె ఏమంటది, నోట్ల నాలుకనే లేదు."

మళ్లీ నవ్వాడు. జబ్బార్ నవ్వలేదు. "బీదర్ పిల్లను తెస్తనంటున్నది గద మీ అమ్మ?" అన్నాడు. దానికి ఆయన ఏమన్నాడో వినబడలేదు. జబ్బార్ మిషను నడిపాడు.

టీ రేకు పక్కన గోడ మీద పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 6, గురువారం

ఆయనకు తెలుసు.

ఆగస్టు 7, శుక్రవారం

ఆయనకు తెలుసు. జూన్‌లో తెలుసు. చెయ్యి కాలినప్పుడు తెలుసు. సల్ల పొయ్యి అన్నప్పుడు తెలుసు.

అత్త మీద ఇన్నాళ్లు కోపం పెట్టుకున్నాను. అది వేస్టు. ఆమె నమ్మి తిడుతోంది. ఆయన నమ్మకుండా తిట్టిస్తున్నాడు.

ఇవాళ ఆయన కంచంలో ఉప్పు ఎక్కువేశాను. తిన్నాడు, రెండు చెంబుల నీళ్లు తాగాడు.

ఆగస్టు 23, ఆదివారం

రేపు శ్రావణ సోమవారమని అత్త ఝరాసంగం పోయింది, సంగమేశ్వరుడికి మొక్కుకోవడానికి. సరుకు బాగుపడాలని. వీధిలో ఆడవాళ్లంతా కలిసి పోయారు, మంగళవారం గాని రారు. సేటుకు ఇవ్వాల్సిన సరుకు రేపే పోయాలి. బయల్దేరేముందు అత్త ఆయనతో చెప్పింది, "పసుపునీళ్లు బిందెల కలిపి వెట్టిన. మర్వకుండ పొయ్యి. దీన్ని ముట్టనియ్యకు."

ఆగస్టు 24, సోమవారం

పొద్దున లేచేసరికి నేను బయటికి రావలసిన దినం. ఎవరితో చెప్పాలి? అత్త లేదు. ఆయనతో చెప్పాలి. నోరు తెరిచాను.

ఆయన ముందుగానే అన్నాడు, నా వైపు చూడకుండా, "ఇయ్యాల నీళ్లు వద్దు. బిందె చెట్లకు పోసెయ్. ముక్కలు కొలిమి అంచున రేకు మీద పర్చు, మంచిగ కాలనీ. తడి అంత ఎగిరిపోవాలె."

అక్కడ దేవుడికి మొక్కు నడుస్తుండగానే ఇక్కడ చేస్తున్నాడు. అమ్మ ఇంట్లో లేనప్పుడు ఆయనంత పనివాడు ఉండడు.

నోరు మూసుకున్నాను. చెప్పలేదు.

బిందె మోసి జామ చెట్టుకు పోశాను. రేకు మీద ముక్కలు పరిచాను, అట్టు తిరగేసినట్టు పట్టకారుతో తిరగేశాను. మొదట ఆవిరి లేచింది, నూనె పొగ లేచింది, తరవాత ఏమీ లేవలేదు. మూసలోకి నేనే అందించాను. కరిగిన సిల్వర్ మీద సన్నటి బూడిదరంగు తోలు కడుతుంది, అది తీస్తే కింద అద్దం. సిల్వర్ తాగిన గాలిని కక్కించే తెల్ల మందుబిళ్లను ఆయన ఇనుప గొట్టానికి గుచ్చి అడుగుదాకా ముంచాడు. ఘాటు పొగ వచ్చింది. ఇద్దరం దగ్గాము. "మూతికి కొంగు కట్టుకో" అన్నాడు.

మామ గరిటె ఒకటుంది, అత్త దానికి దండం పెడుతుంది. ఆయన అటు తిరిగినప్పుడు దాన్ని ముట్టుకున్నాను. మళ్లీ ముట్టుకున్నాను. కొలిమి గుంత చుట్టూ నడిచాను. పట్టకార్లు దాటాను. ఇనుప అచ్చులో సిల్వర్ పడుతుంటే పక్కనే నిలబడి, నా నీడ దాని మీద పడేలా జరిగాను. ఇవాళ ఎండ ఉంది.

ఇంత సంతోషం నాకు పెళ్లిలో లేదు. ఇది మంచి సంతోషం కాదని తెలుసు.

ఆగస్టు 26, బుధవారం

అంతా రాస్తాను.

అత్త నిన్న సాయంత్రం ప్రసాదంతో వచ్చింది. పొద్దున జబ్బార్ పిస్టన్లన్నీ తిప్పి గడప ముందు గోనె మీద వరసగా పెట్టాడు. ఒక్కదానికీ బెజ్జం లేదు. ఎండలో మెరుస్తున్నాయి. "అమ్మా, ఇందుట్ల సూసుకుంట గడ్డం గీసుకోవచ్చు" అన్నాడు.

అత్త ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఝరాసంగం వైపు దండం పెట్టింది. తరవాత కుంకుమ తెచ్చి పిస్టన్లకు పెట్టింది. వచ్చి నాకూ పెట్టింది. నా గడ్డం పట్టుకుంది. ఆమె నన్ను ప్రేమగా ముట్టుకోవడం అదే మొదలు.

"ఇది ఇంట్ల ఉన్న దినం సూసి పోసిన్రు. శుభ్రంగ ఉంటే ఇట్లొస్తది సరుకు. నేను జెప్పలేదా?"

ఆయన తల ఊపాడు. "అవునమ్మా."

ఆ 'అవునమ్మా' లేకపోతే నేను ఊరుకునేదాన్నేమో. సంగమేశ్వరుడికి పేరొచ్చింది, అత్తకు పేరొచ్చింది, నన్ను పంపేది లేదు. ఊరుకుంటే అయిపోయేది.

"నేను ఇంట్ల లేను" అన్నాను.

గొంతు బయటికి రాలేదు. అత్త "ఏందే?" అంది.

"సోమారం పొద్దుగాలనే బయటైన. ఇప్పుడు గూడ బయటనే ఉన్న. ముక్కలు నేనే కాల్చిన, నేనే మూసల ఏసిన. మామ గరిటె గూడ ముట్టిన."

జబ్బార్ పాన్ నమలడం ఆపాడు. అత్త తన చేతి వైపు చూసుకుంది, నా గడ్డం పట్టుకున్న చేతి వైపు. కొంగుతో తుడుచుకుంది. తరవాత కొడుకు వైపు తిరిగింది.

"విరూపాక్షా. అన్నీ మూసల ఎయ్యి. మళ్ల కరిగియ్యి. ఒక్కటి గూడ గడప దాటొద్దు."

ఆయన మొహం తెల్లబోయింది. అప్పుడు చెప్పవచ్చు. బెజ్జాలు తడి వల్ల అమ్మా, దీని వల్ల కాదు అని. అంతకంటే మంచి సమయం ఉండదు, ఎదురుగా గోనె మీద సాక్ష్యం మెరుస్తోంది. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"అబద్ధం జెప్తున్నదమ్మా" అన్నాడు.

అత్త నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"బయటుంటే సరుకు గిట్లొస్తదా? నువ్వే జెప్పు. నీ మీద కోపంతోని గరంగరం అంటున్నది. సేటు కండ్లు కాయలు గాసేటట్టు సూస్తున్నడు, నేను పోయి ఇచ్చొస్త."

అత్త ఊపిరి వదిలింది. ఆమెకు అది కావాలి. గోనె మీద పిస్టన్లు అట్లా ఉండగా నేను మైలగా ఎట్లా ఉంటాను? నాకు అర్థమైంది. బెజ్జాలు వస్తే నేను మైల. రాకపోతే నేను అబద్ధం.

ఆయన పిస్టన్లన్నీ గోనెలో కట్టి సైకిల్ మీద పెట్టుకుని పోయాడు. పెళ్లయినప్పటినుంచి, వాళ్ల అమ్మ ముందు నా గురించి ఆయన ఒక్క మాట చెప్పాలని కోరుకున్నాను. చెప్పాడు.

ఆగస్టు 28, శుక్రవారం

రాయికోడ్.

"ఇసొంటి అబద్ధాలకోరును ఇంట్ల వెట్టుకోను. నాలుగు దినాలు అవ్వగారింట్ల ఉంటె బుద్ధొస్తది" అని అత్త. ఆయన బస్సెక్కించాడు. టికెట్టు చేతిలో పెట్టి "పండుగదాంక ఉండు" అన్నాడు. ఆయన మొహం వైపు చూడలేదు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉంది. ఊడిపోనీ.

సెప్టెంబర్ 7, సోమవారం

అమ్మ అందరికీ నేను బతుకమ్మకు వచ్చానని చెబుతోంది. పక్కింటి యాదమ్మ, "పండుగ ఇంక నెలున్నది గదనే, ఇప్పటిసందే పువ్వులు తెంపుతవా?" అంది. వదిన వంటింట్లో నవ్వింది.

సెప్టెంబర్ 19, శనివారం

జహీరాబాద్ బస్సు మా ఇంటి ముందునుంచే పోతుంది. నేను ఎదురుచూడటం లేదు. వాకిట్లో పని ఉంటుంది కాబట్టి వాకిట్లో ఉంటున్నాను.

అక్టోబర్ 3, శనివారం

బతుకమ్మ ఆడాను. ఎవరి మొహమూ చూడలేదు.

అక్టోబర్ 11, ఆదివారం

ఆయన వచ్చాడు.

దసరా పోయాక అల్లుడొచ్చాడని అమ్మ గారెలు చేసింది. అన్నం తిని, నీళ్లు తాగి, అన్నతో వానల గురించి మాట్లాడాడు. హస్త కార్తెలో కూడా వాన వదల్లేదట. పోత పోస్తే మళ్లీ బెజ్జాలట. సేటు మొన్నటి సరుకు చూసి ఊరుకున్నాడు గాని, ఇది చూస్తే ఊరుకోడట.

"అమ్మనే పంపింది. 'దాని చెయ్యి వడ్డప్పుడే సరుకు మంచిగొచ్చింది, తీస్కరా' అన్నది."

అంటే నా చెయ్యి ఇప్పుడు మంచి చెయ్యి. మా అమ్మ కళ్లు మెరిశాయి. వదిన నా పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టింది, అంత తొందర.

"నీళ్లు సల్లుతున్నదా ఇంక?" అని అడిగాను. అందరి ముందే.

ఆయన ఉలిక్కిపడ్డాడు. అన్న వైపు చూశాడు.

"నేను రాను" అని లోపలికి పోయాను. అన్న అరిచాడు, అమ్మ ఏడ్చింది. నేను తలుపు పక్కన కూర్చున్నాను. బస్సు వేళకు ఆయన లేచాడు. బస్టాండుదాకా పొమ్మని అమ్మ నన్ను నెట్టింది.

బస్సు కదలబోతుంటే కిటికీలోనుంచి వంగి, మెల్లగా అన్నాడు. "నువ్వు అబద్ధం జెప్పలే. నాకెర్కనే."

రాయికోడ్ బస్టాండులో నిజం చెప్పాడు. ఇక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

"ఆ మాట నాకెందుకు? నాకెర్క లేదా?" అన్నాను. "మీ అమ్మ ముందట జెప్పు. నీళ్ల సంగతి జెప్పు, నా సంగతి జెప్పు."

"రెండు ఎట్ల జెప్తనే ఆమెకు? సస్తది."

"సావది. అన్నం మానేస్తది. నేను నెలన్నరసంది ఏం తింటున్ననో అడిగినవా?"

బస్సులో వాళ్లు వింటున్నారు. కండక్టర్ ఈల వెయ్యడం మరిచిపోయి చూస్తున్నాడు. ఆయన కిటికీ రేకు దించుకున్నాడు.

అక్టోబర్ 14, బుధవారం

అన్న నాతో మాట్లాడటం లేదు. మంచిది.

అక్టోబర్ 20, మంగళవారం

మధ్యాహ్నం బస్సు ఆగింది. అత్త దిగింది. ఒక్కతే. చేతిలో సంచీ లేదు, కొబ్బరికాయ లేదు. వాకిట్లో మా అమ్మ మంచం వాల్చింది. కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు.

"వాడు జెప్పిండు" అంది.

నేను గడపలో నిలబడ్డాను.

"నిన్న జెప్పిండు. సరుకు మళ్ల పాడైంది, సేటు మెట్లెక్కద్దన్నడు. అప్పుడు జెప్పిండు, నీళ్లతోనే అంత అయిందని. ఎప్పటిసంది ఎర్కరా అంటే మొదాలుసంది అన్నడు. నువ్వు బాధవడ్తవని జెప్పలేదమ్మా అన్నడు." ఆమె మంచం నులక గట్టిగా పట్టుకుంది. "నేను బాధవడ్తనని నిన్ను బద్నాం జేసిండు. ఊరంత వినేటట్టు నాతోని అనిపిచ్చిండు. కంచరోళ్ల ఇంట్ల పుట్టిండు వాడు. పోత పోస్తే ఏదొస్తదో నా మొఖం మీద జెప్పలేడు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆమె కోపం నాకు తెలుసు, ఇది దానికంటే పెద్దది. మొదటిసారి అది నా మీద కాదు.

"మరి నా సంగతి?" అన్నాను. "అదిగూడ జెప్పిండా?"

"జెప్పిండు. బయటుండి ముట్టినవని. అబద్ధం నువ్వు కాదు, తనే ఆడిండని." మా అమ్మ అక్కడే ఉందని గొంతు తగ్గించింది. "ఆ పిస్టన్లు ఇప్పుడు ఏ ఊర్ల ఏ బావి మీద నీళ్లు తోడుతున్నయో. ఆ నీళ్లకు పండిన జొన్నలు రేపు మన ఇంటికే వస్తయ్. ఏం జెయ్యాలె నేను? అందరి ఇంజన్లు ఇప్పించుకరావాల్నా?"

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను, ఆమె చూసింది.

"నవ్వుతవా. నవ్వు. నీళ్లు సల్లుడు బంద్ జేస్త. మీ మామ మెచ్చినా మెచ్చకున్నా. పెట్టె తీస్కో, నడువు. వాని కోసం రమ్మంటలేను. కొలిమికాడ ఒక మనిషి గావాలె, వానికి దిమాక్ ఉన్నది, దమ్ము లేదు."

"ఆ దినాలల్ల నన్ను మేకలకాడ కూసోవెట్టద్దు" అన్నాను. "పోత ఏ దినం ఉంటే ఆ దినం నేను కొలిమికాడ ఉంట."

"మైల మైలనే. నీళ్ల సంగతి ఏరు."

"అయితే నేను రాను."

మా అమ్మ నా చెయ్యి గిల్లింది. అత్త రోడ్డు వైపు చూసింది. ఎడ్లబండి ఒకటి పోయింది. వదిన తలుపు చాటునుంచి తొంగిచూసి లోపలికి పోయింది.

"సరే. ఉండు" అంది అత్త. "ఏ దినమో నాకు జెప్పకు. అంతే. నాకు ఎర్క లేకుంటె అయిపాయె."

తల్లీ కొడుకులకు ఒకటే విద్య వచ్చు.

"జెప్త" అన్నాను. "ప్రతిసారి జెప్త. అందరి ముందట జెప్త."

ఆమె నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది.

జహీరాబాద్ పోయే బస్సు వచ్చి ఆగింది. ఎవరో ఇద్దరు ఎక్కారు. కండక్టర్ మా వైపు చూసి "పెద్దమ్మా, వస్తరా?" అని కేకేశాడు.

ఆమె చెయ్యి ఊపి పొమ్మంది. మంచం మీదినుంచి లేవలేదు. బస్సు పోయాక, నాతో "నీళ్లు తే" అంది.